మొగల్లో పట్టిన పీతకూ ఒక ధర పట్టిక కావాలి

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తెలుగు పత్రికలు రొయ్య రైతు కష్టాన్ని విస్తారంగా రాశాయి. గట్టు మీద 100 కౌంట్ రొయ్య, అంటే కిలోకు వంద తూగేది, ధర ఎంత తగ్గింది, మేత బస్తా ఎంతకు వస్తోంది, మళ్లీ పిల్ల వదలాలా, చెరువు ఎండగట్టాలా అన్న తర్జనభర్జన ఎలా సాగుతోంది అన్న సంగతులు రోజూ అచ్చయ్యాయి. అవి రావలసిన వార్తలే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ రోజుల్లో ఎన్ని పత్రికలు తిరగేసినా, చెరువుతో సంబంధం లేకుండా సముద్రంలోనూ, నది సముద్రంలో కలిసే మొగల్లోనూ, మడ పాయల్లోనూ పుట్టి పెరిగి, వలకో బుట్టకో చేతికో చిక్కే రొయ్య గురించి గాని, పీత గురించి గాని, గుల్ల గురించి గాని ఒక్క పంక్తి నాకు కనిపించలేదు. ఆ పంక్తి కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తాళ్లరేవు మండలంలో వేట మీద బతికిన ఇంట్లో పుట్టి, డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధించి విరమించినదానిని. జాతీయాదాయం లెక్క కట్టే పద్ధతులు తరగతిలో చెప్పినన్నాళ్లూ, మా ఊరి ఆడవాళ్లు తెల్లవారుజామున పాటు వేళకు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, బురదలోకి దిగి తెచ్చే సరుకు ఆ పట్టికలో ఏ గడిలో పడుతుందో విద్యార్థులకు చూపించలేకపోయాను. ఇంగ్లీషులో వీటన్నిటినీ కలిపి షెల్‌ఫిష్ అంటారు. మన తీరంలో అలాంటి ఒక్క మాట లేదు. రొయ్యల్లో టైగర్ వేరు, తెల్ల రొయ్య వేరు, నీలకంఠం వేరు. పీతల్లో మండ పీత వేరు, సముద్రపు పీత వేరు. గుల్లల్లో ఒక్కోదానికి ఒక్కో పేరు. వాటితో రోజూ మెలిగేవారికి ఆ తేడాలు కావాలి. ఈ ఉత్తరంలో సౌకర్యం కోసం నేను వీటిని పెంకు జీవాలు అంటాను.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, మనందరం ఎంపెడా అని పిలిచేది, ఇచ్చిన లెక్క ప్రకారం 2024-25లో మన దేశం నుంచి 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి కాగా రూ.62,408 కోట్లు వచ్చాయి. అందులో గడ్డకట్టించిన రొయ్య ఒక్కటే 7.41 లక్షల టన్నులు, రూ.43,334 కోట్లు. ఈ రొయ్యలో అత్యధిక భాగం చెరువుల్లో పెంచిన వనామి. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానికి చెందిన ఈ జాతి పెంపకాన్ని మన దేశంలో 2009లో అనుమతించారు. ఇంత పెద్ద అంకె పక్కన బలుసుతిప్ప దగ్గర పట్టిన పీతల గంప చిన్నదిగా కనిపించడం సహజమే. అయితే రెండింటినీ పోల్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెరువు రొయ్య మీద వచ్చిన రూపాయిలో మేతకు, పిల్లకు, కరెంటుకు, మందులకు, లీజుకు పోగా మిగిలినదే రైతుది. మొగలో పట్టిన పీతకు మేత వేసినది మడ అడవి, నీరు మార్చినది పోటుపాట్లు. కాబట్టి ఆ రూపాయిలో ఎక్కువ వంతు పట్టినవారి చేతికే చేరాలి.

చేరుతోందా అంటే, నా కళ్లతో చూసినది చెబుతాను. మా మేనత్త కొన్నేళ్ల కిందటి వరకు పీతల వేటకు వెళ్లేది. పాటు తీసినప్పుడు మడ చెట్ల వేళ్ల మధ్య బొరియలు వెతికి, ఇనుప ఊచతో పీతను లాగి, డెక్కలు తాడుతో కట్టి, తడి గోనెలో పెట్టి ఊళ్లో సరుకు కొనే షెడ్డుకు తెచ్చేది. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. ఎనిమిది పీతల్లో మూడింటిని కాటా దగ్గర ఉన్నతను వేలితో నొక్కి చూసి, లోపల కండ నిండలేదు, నీళ్ల పీతలు అని పక్కన పడేసి సగం ధర కట్టాడు. అవి నిజంగా నీళ్ల పీతలో కాదో తేల్చేందుకు ఇంకొకరు లేరు. చీటీ ఇవ్వలేదు. మరో షెడ్డుకు తీసుకెళ్దామన్నాను. తీసుకెళ్లకూడదు, ఎందుకంటే వర్షాకాలంలో ఇంటి ఖర్చుకు ఆ షావుకారు దగ్గరే అడ్వాన్సు తీసుకుంది. "కాటా ఆడిదే, మాటా ఆడిదేనమ్మాయ్" అని గోనె దులిపి నడిచింది. ఆ మూడు పీతలు మర్నాడు మద్రాసు విమానాశ్రయం దారి పట్టాయో లేదో నాకు తెలియదు. మా మేనత్తకు ఎంత ముట్టిందో మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదన్నది తెలుసు.

ఇక ఇతర దేశాల సంగతి. పెంకు జీవాల వేట మీద ఆర్థిక వ్యవస్థలే నిలబడిన దేశాలున్నాయి. గ్రీన్‌లాండ్ ఎగుమతుల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా చేపలు, చల్లని నీటి రొయ్యలే. అర్జెంటీనాకు దక్షిణ అట్లాంటిక్‌లో పట్టే ఎర్ర రొయ్య మత్స్య ఎగుమతులన్నిటిలో పెద్ద పద్దు. అవి పెద్ద ఓడల కథలు కనుక మనకు నేరుగా పోలిక కుదరదు. పోలిక కుదిరేది చిన్న పడవల వేట ఉన్న చోట్లతో. అందుకే అమెరికాలోని మెయిన్ రాష్ట్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మెయిన్‌లో లాబ్‌స్టర్ అనే పెద్ద డెక్కల జీవిని బుట్టలతో పడతారు. పడవ యజమానే పడవ నడిపే వేట అది. ఒక్కో లైసెన్సుకు 800 బుట్టలకు మించి వేయకూడదు. 2021లో అక్కడ సుమారు 49 వేల టన్నులు పట్టారు, రేవు దగ్గర దాని విలువ 72 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది సరుకు పదో వంతు తగ్గి 44 వేల టన్నులకు వచ్చింది, విలువ మాత్రం దాదాపు సగానికి పడిపోయి 39 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. 2024లో సరుకు ఇంకా తగ్గి 39 వేల టన్నులే దొరికింది, విలువ తిరిగి 52 కోట్ల డాలర్లు దాటింది. సరుకు బరువు ఒక దారిన, డబ్బు మరో దారిన నడిచాయి. ఎంత పట్టామన్న లెక్క ఒక్కటే చూస్తే 2022లో ఆ వేటగాళ్లకు వచ్చిన కష్టం ఎవరికీ అర్థం కాదు. అది అర్థమైంది ఎలాగంటే, అక్కడ రేవులో సరుకు కొన్న ప్రతి వ్యాపారీ ఎంత కొన్నాడో, ఏ ధరకు కొన్నాడో రాష్ట్ర శాఖకు తప్పనిసరిగా నివేదించాలి. ఆ అంకెలు ఏటా బహిరంగంగా వెలువడతాయి. ధర పడిపోయిన ఏడాది వేటగాడు సాయం అడగడానికి, బ్యాంకు దగ్గర గడువు కోరడానికి, శాసనసభ ముందు మాట్లాడడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఆ వేట అన్నేళ్లుగా నిలవడానికి మరో ఆచారం ఉంది. గుడ్డుతో ఉన్న ఆడ లాబ్‌స్టర్ బుట్టలో పడితే తోక రెక్క మీద చిన్న గాటు పెట్టి నీళ్లలో వదిలేస్తారు. తరువాత అది ఎవరి బుట్టలో పడినా, అప్పుడు గుడ్డు లేకపోయినా, ఆ గాటు చూసి మళ్లీ వదలాలి. మరీ చిన్నదాన్నీ పట్టకూడదు, మరీ పెద్దదాన్నీ పట్టకూడదు. చట్టం ఉంది నిజమే, కాని నడి సముద్రంలో ప్రతి పడవ మీదా అధికారి ఉండడు. పక్క పడవవాడు వదిలినదాన్ని తానూ వదలాలన్న పట్టింపు ఊళ్లలో ఉంది. మన దగ్గర గుడ్డు పీతకు మామూలు పీత కన్నా ఎక్కువ ధర పలుకుతుంది. కనుక దొరికిన గుడ్డు పీతను వదిలిపెట్టమని మా మేనత్తలాంటి మనిషిని అడగడం ఆవిడ నోటి దగ్గరి ముద్దను అడగడమే. ఆ ఒక్క రోజు నష్టాన్ని ఎవరు భరించాలన్నది తేల్చకుండా సంరక్షణ గురించి ఉపన్యాసాలివ్వడం న్యాయం కాదు.

మన మండ పీత ఆస్ట్రేలియా ఉత్తర తీరాల మడ అడవుల్లోనూ ఉంది. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఆడ పీతను అసలే పట్టకూడదు. మగ పీతైనా పెంకు అడ్డంగా కొలిస్తే 15 సెంటీమీటర్లు ఉండాలి. కొలబద్ద వేటగాడి దగ్గరే ఉంటుంది. ఇక పక్కనున్న శ్రీలంక సంగతి చూడండి. సింగపూరు హోటళ్లలో శ్రీలంక పీత అన్న మాటే ఒక నాణ్యత ముద్ర. చిల్లీ క్రాబ్ అనే అక్కడి ప్రసిద్ధ వంటకానికి ఆ పీతనే కోరి తెప్పించుకుంటారు. చాలాకాలం మంచి పీతంతా పై దేశాలకే పోతోందని బాధపడిన శ్రీలంకలో, 2011లో కొలంబోలో పీత కోసమే ఒక హోటలు వెలిసి, బరువును బట్టి శ్రేణులు పెట్టి, చిన్న పీతను వండబోమని ప్రకటించి పేరు తెచ్చుకుంది. గోదావరి మొగల పీత కూడా తక్కువ జాతి కాదు, కోరింగ మడలో పెరిగినదాని కండ తిన్నవారికి తెలుసు. కాని అది రేవు దాటి షెడ్డుకు చేరేసరికి ఊరి పేరు పోతుంది, నగరం చేరేసరికి జిల్లా పేరు పోతుంది, విమానం ఎక్కేసరికి ఉత్త భారతదేశపు ప్రాణమున్న పీత అవుతుంది. పూతరేకులకు ఆత్రేయపురం పేరు కట్టుబడి ఉన్నందువల్ల ఆ ఊరి ఆడవాళ్లకు ఎంత మేలు జరిగిందో మనం చూశాం. పీతకు అలాంటి పేరు ఎందుకు ఉండకూడదు?

ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన సరుకు ఎంత అనిశ్చితమో కూడా ఈ దేశాల అనుభవం చెబుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని రాక్ లాబ్‌స్టర్ వేట 2000లో, వనరు తరిగిపోకుండా సాగే వేటకు ముద్ర వేసే అంతర్జాతీయ సంస్థ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ పొందిన తొలి వేట, ప్రపంచంలోనే ఆదర్శంగా చెప్పుకొనేది. అయినా ఆస్ట్రేలియా రాక్ లాబ్‌స్టర్‌లో పదింట తొమ్మిది వంతులు చైనాకే వెళ్లేవి, ఏటా సుమారు 70 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వ్యాపారం. 2020 నవంబరులో రెండు దేశాల మధ్య రాజకీయం బెడిసి చైనా తలుపు మూసింది. అది మళ్లీ తెరుచుకోవడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది. మనకు ఇది దూరపు కథేమీ కాదు. అదే 2020 తొలి నెలల్లో కరోనా వల్ల చైనా కొనుగోలు ఆగినప్పుడు మన తీరమంతా ప్రాణమున్న పీతకు గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. ఐసులో పెట్టి నెల రోజులు దాచుకునే సరుకు కాదది, చస్తే చిల్లిగవ్వ రాదు. ఆస్ట్రేలియాలో నష్టం ఎంతో లెక్క తేలింది, సాయం గురించి చర్చ జరిగింది. మా పాయల్లో ఎవరికి ఎంత నష్టం వచ్చిందో నమోదు చేసినవారు లేరు.

లెక్క ఉంటేనే లోటు తెలుస్తుంది. అలాస్కా తీరంలోని బేరింగ్ సముద్రంలో అమెరికా శాస్త్రవేత్తలు ఏటా ఒకే చోట్ల వల లాగి పీతల సంఖ్యను అంచనా వేస్తారు. అందువల్లే 2018 తరువాత స్నో క్రాబ్ అనే పీతలు సుమారు 1,000 కోట్లు మాయమయ్యాయని వారికి తెలిసింది. 2022 అక్టోబరులో చరిత్రలో మొదటిసారి ఆ వేట రద్దు చేశారు. సముద్రం వేడెక్కడంతో ఆ పీతలకు తిండి అవసరం పెరిగి, చాలినంత దొరకక ఆకలితో చచ్చాయని తరువాత తేల్చారు. ఇప్పుడు మన నీలకంఠం రొయ్యను తలుచుకోండి. అది నదిలో పెరిగి, గుడ్లు పొదగడానికి ఉప్పు కలిసిన నీటికి దిగుతుంది, పిల్లలు తిరిగి తీపి నీటికి ఎక్కుతాయి. నా చిన్నతనంలో గౌతమి పాయలో చేతి పొడవు నీలకంఠాలు అరుదు కావు. ధవళేశ్వరం దిగువన ఎండాకాలం నీరు తగ్గడం వల్లా, పిల్ల దశలోనే దోమతెర వలలతో గీకేయడం వల్లా, మరేవైనా కారణాల వల్లా అవి తగ్గాయో, ఏ ఏడు ఎంత తగ్గాయో చెప్పడానికి మన దగ్గర బేరింగ్ సముద్రపు పట్టిక లాంటిది లేదు. వృద్ధుల జ్ఞాపకం ఒక్కటే ఉంది, దాన్ని ఏ కార్యాలయమూ ఆధారంగా స్వీకరించదు.

గుల్లల విషయానికి వస్తే నా మనసు మరింత బరువెక్కుతుంది, ఎందుకంటే అది దాదాపు పూర్తిగా ఆడవాళ్ల, పిల్లల పని. కాకినాడ అఖాతంలో, హోప్ ద్వీపం అడ్డుగా ఉండడం వల్ల నిలకడగా ఉండే లోతు తక్కువ బురద నీటిలో, బ్లడ్ క్లామ్ అని శాస్త్రవేత్తలు పిలిచే గుల్ల విస్తారంగా పెరుగుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు దశాబ్దాల కిందటే దాని మీద పరిశోధనలు చేశారు. మలేషియాలో, థాయిలాండ్‌లో ఈ గుల్ల ఇష్టమైన తిండి. పెనాంగ్ వీధుల్లో నూడుల్స్‌తో వేయించి పెడతారు. మన వైపు దాని మాంసం తినేవారు తక్కువ. పెంకు సున్నం బట్టీకి పోతుంది. కిటికీ అద్దంలా పలుచగా మెరిసే మరో చిప్ప ఈ అఖాతంలోనే ఉంది. ఫిలిప్పీన్స్‌లో దానితో దీపాల తొడుగులు, అలంకరణ వస్తువులు చేసి ప్రపంచమంతా అమ్ముతారు. గోవాలో పాత ఇళ్ల కిటికీలకు గాజు బదులు దాన్నే బిగించారు. మన దగ్గర అదీ సున్నపు బట్టీ పాలే. సున్నం పనికిరానిదని నేననడం లేదు, మా తాతలు కట్టిన ఇంటి గోడలు గుల్ల సున్నంతో లేచినవే. కాని అదే చిప్ప ఒక దేశంలో దీపమై, మన దేశంలో తెల్లని పొడి అవుతున్నప్పుడు, ఆ తేడా చిప్పలో లేదు.

స్పెయిన్‌లోని గలీసియా తీరంలో పాటు వేళ ఇసుకలో వంగి గుల్లలు ఏరేది ఆడవాళ్లే. ఒకప్పుడు అది ఇంటి పనికి కొసరు పనిగా చూసేవారు. ఇప్పుడు వారికి వ్యక్తిగత అనుమతి పత్రాలున్నాయి, మత్స్యకార సంఘాల్లో సభ్యత్వం ఉంది, ఏ రోజు ఎన్ని కిలోలు ఏరాలో సంఘం నిర్ణయిస్తుంది, సరుకు వేలంపాటలో అమ్ముడవుతుంది. అది ఐరోపా కనుక సాధ్యమైందని ఎవరైనా అంటారేమో. గాంబియా ఆఫ్రికా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా చిన్న దేశం, పేద దేశం. అక్కడి తన్బీ మడ అడవుల్లో వేళ్లకు పట్టిన ఆలిచిప్పలను ఏరుకొని బతికే స్త్రీలు ట్రై అనే సంఘంగా ఏర్పడ్డారు. 2012లో ప్రభుత్వం ఆ జాతీయ ఉద్యానంలో ఆలిచిప్పలు, గుల్లలు ఏరే హక్కును ప్రత్యేకంగా వారికే రాసిచ్చింది. వారు తమంతట తామే ఏరని నెలలను పెంచుకున్నారు, మడ మొక్కలు నాటారు. వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోని బెన్‌ట్రేలో సహకార సంఘాలు నడిపే గుల్లల వేటకు 2009లో, మన కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సు గుల్లల వేటకు 2014లో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ వచ్చింది. అష్టముడిది భారతదేశంలో మొదటిది. డెల్టా అనీ, మడ అనీ, పేదరికం అనీ మనం చెప్పుకొనే కారణాలన్నీ ఈ ఊళ్లకూ ఉన్నాయి.

గాంబియా సంగతి నేను పదే పదే తలుచుకోవడానికి కారణం ఉంది. మన కోరింగ మడ అడవి 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. అడవి నిలవాలి, అది లేకపోతే పీత లేదు, రొయ్య పిల్లకు నీడ లేదు, తుఫానుకు అడ్డు లేదు. అయితే తరతరాలుగా ఆ పాయల్లో ఏరుకున్నవారి హక్కు ఏమిటన్నది కాగితం మీద స్పష్టంగా లేదు కనుక, అధికారి మారినప్పుడల్లా వారి బతుకు మారుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షను చేపల మీద, జల వనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తించింది. అభయారణ్యాలకూ అది వర్తిస్తుంది. గిరిజనేతరులు మూడు తరాల నివాసం చూపాలి. కోరింగ చుట్టూ ఉన్న పల్లెల్లో అది చూపగలిగిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొండ ప్రాంతాల్లో ఈ చట్టం గురించి జరిగినంత ప్రచారం మా మడ పల్లెల్లో జరగలేదు.

సముద్రంలో పట్టిన రొయ్యకు తగిలిన దెబ్బ వేరు. సముద్ర తాబేళ్లు మరబోట్లు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చస్తున్నాయన్న కారణంతో, 1989లో చేసిన చట్టం కింద అమెరికా 2018లో మన దేశపు వేట రొయ్య దిగుమతిని ఆపేసింది. ఈ చట్టం మీద మన దేశం మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్‌లతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి 1998లో తీర్పు కూడా పొందింది. ఆ వివాదంలో న్యాయాన్యాయాలు ఎలా ఉన్నా, జనవరి నుంచి మార్చి వరకు ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా ఇసుకలో చచ్చిపడి ఉండే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను చూసినవారెవరూ సమస్య లేదనలేరు. వల గొంతులో ఒక ఊచల జల్లెడ బిగిస్తే రొయ్య లోపలికి పోతుంది, తాబేలు పైనున్న మూతలోంచి బయటపడుతుంది. టెడ్ అని పిలిచే ఆ పరికరాన్ని మన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు తయారు చేసింది. మరో సంగతి కూడా అందరికీ తెలియాలి. అమెరికా చట్టం చెరువు రొయ్యకూ, యంత్రం లేకుండా చేత్తో లాగే వలలకు చిక్కిన రొయ్యకూ మినహాయింపు ఇస్తుంది. కాని ఏ వలతో, ఎలా పట్టినదో ధ్రువీకరించే పత్రం ఉండాలి. చీటీ కూడా లేని రేవు నుంచి పత్రం ఎలా పుడుతుంది? తాబేలుకు హాని చేయని చిన్న పడవవాడు కూడా పెద్ద బోట్ల తప్పుకు ధర కోల్పోతున్నది ఇందుకే.

నమోదు లేకపోవడం ధరకే కాదు, ప్రాణానికీ తగులుతుంది. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లాండులోని మోర్‌కాంబ్ అఖాతంలో రాత్రి వేళ గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు పోటు చుట్టుముట్టి 21 మందికి తగ్గకుండా చనిపోయారు. అదే ఏడాది బ్రిటన్ గుల్లలు ఏరించే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 1996 నవంబరు 6 తుఫాను భైరవపాలెం, బలుసుతిప్పలను ఎలా ఊడ్చిందో మా తరానికి జ్ఞాపకం. ఆ రోజు మొగల్లో ఎవరెవరు ఉన్నారో చెప్పే జాబితా ఒడ్డున ఎవరి దగ్గరా లేదు. ఇవాళ వేట నిషేధం అమలయ్యే 61 రోజులకు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, రాష్ట్రం ఇచ్చే భృతి రూ.20 వేలకు పెరిగింది. అందుకు సంతోషం. అయితే అది పడవల నమోదుతో ముడిపడిన సాయం. పడవ లేకుండా కాళ్ల మీద బురదలోకి దిగే మనిషి ఆ జాబితాలోనూ ఉండదు.

కనుక మత్స్యశాఖను నేను కోరేది పెద్ద ఖర్చు అయ్యే పని కాదు. భైరవపాలెం, బలుసుతిప్ప, గాడిమొగ, ఓడలరేవు, అంతర్వేది లాంటి చోట్ల పీత, రొయ్య, గుల్ల కొనే ప్రతి షెడ్డులోనూ ముద్ర వేసిన కాటా ఉండాలి; రకం, బరువు, ధర రాసిన చీటీ అమ్మినవారి చేతికి ఇవ్వాలి; దాని నకలు నెలకొకసారి శాఖకు చేరాలి. కాళ్ల మీద ఏరే స్త్రీలకు వారి పేరు మీదే మత్స్యకార గుర్తింపు కార్డు ఇవ్వాలి. కాకినాడ జగన్నాథపురంలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలో చదివే యువతకు ఈ చీటీలను పోగుచేసి పట్టికలు కట్టే పని అప్పగించవచ్చు. అఖాతంలోని గుల్లల మేటలను భాగాలుగా విడదీసి కొన్నిటిని వంతులవారీగా విడిచిపెట్టే పద్ధతి గురించి ఏరే స్త్రీలతోనే కూర్చుని మాట్లాడాలి. అమెరికాలో జార్జెస్ బ్యాంక్ అనే సముద్రపు మెరక మీద 1994లో కొన్ని ప్రాంతాలను మూసినప్పుడు లోపల స్కాలప్ గుల్లలు విపరీతంగా పెరిగాయి. వంతులవారీ వేట అక్కడ స్థిరపడ్డాక న్యూ బెడ్‌ఫోర్డ్ రేవు ఆ ఒక్క గుల్ల బలంతోనే ఇరవై ఏళ్లకు పైగా ఆ దేశంలో అత్యధిక విలువ గల సరుకు దిగే రేవుగా నిలిచింది. గుడ్డు పీతను వదిలిన రోజు నష్టానికి సంఘం ద్వారా పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా ఆలోచించాలి. అది లేకుండా క్వీన్స్‌లాండ్ నిబంధనను ఇక్కడ అచ్చు వేస్తే పేదల మీదే పడుతుంది.

చివరిగా మిమ్మల్ని కోరేది ఒకటుంది. గోదావరి జిల్లాల సంచికల్లో కొబ్బరి ధర, కోడిగుడ్డు ధర, వనామి కౌంట్ ధరలు ఇస్తున్నారు. వాటి కింద రెండు పంక్తుల చోటు ఉంటుంది. మండ పీత మూడు శ్రేణుల్లో ఒక్కోటి ఆ వారం భైరవపాలెంలో ఎంతకు పోయింది, కాకినాడ రేవులో వేట టైగర్, తెల్ల రొయ్య ఎంతకు పోయాయి అన్నది వారానికొకసారైనా అచ్చు వేయండి. మీ విలేకరికి మొదటి కొన్ని వారాలు ధరలు అడిగి రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మా మేనత్తకు ఇప్పుడు చూపు ఆనదు, కాని ఆవిడ కోడలు పత్రిక చదవగలదు.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు,
తాళ్లరేవు మండలం.